నా బైండర్‌లోంచి ఎవరూ ట్రేడ్ అవరు

ప్రపంచంలోకెల్లా పేరున్న బేస్‌బాల్ కార్డు మీద ఉన్నాయన మా పక్క ఊరివాడు. మేముండేది పిట్స్‌బర్గ్ శివార్లలో, స్కాట్ టౌన్‌షిప్‌లో. దాన్ని ఆనుకునే కార్నెగీ అనే చిన్న ఊరుంది. హోనస్ వాగ్నర్ పుట్టింది ఆ చుట్టుపక్కలే. 1900 నుంచి 1917 దాకా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఆడాడు. 1909లో అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలు పెట్టడం మొదలుపెడితే, నా బొమ్మ వెయ్యొద్దన్నాడట. బొమ్మ కోసం పిల్లలు సిగరెట్లు కొంటారని బాధపడ్డాడని కొందరంటారు. డబ్బులివ్వలేదు కాబట్టి వద్దన్నాడని ఇంకొందరు. ఆపేలోపు అచ్చయిన కొద్దిపాటి కార్డుల్లో ఇప్పుడు మిగిలినవి యాభై అరవై మించవంటారు. 2022లో అందులో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

పిల్లల మీద బెంగ కథ నేను అంతగా నమ్మను. 1948 నాటి లీఫ్ కంపెనీ కార్డులో ఇదే వాగ్నర్, ముసలి కోచ్‌గా, నమిలే పొగాకు నోట్లో పెట్టుకుంటూ కనిపిస్తాడు.

అంత గొప్ప కార్డు పుట్టిన గడ్డ మీద ఉంటూ నేను పోగేసేవి మాత్రం చాలావరకు పావలా కార్డులు. కార్డుల షోలో టేబుల్ కింద అట్టపెట్టెలు పెడతారు, ఏది తీసినా పాతిక సెంట్లు. మా ఇంట్లో దాని పేరు పావలా పెట్టె. మా ఆయన నన్ను అక్కడ దింపేసి కాఫీకి వెళ్ళిపోతారు. గంటకి రమ్మంటే రెండు గంటలకొస్తారు, ఆయనకి తెలుసు.

మేం 2010లో ఇక్కడికొచ్చాం. ఆయనది హెచ్-1, నాది హెచ్-4. ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆఫీసుకి పోతుంది. ఆ యేడు పైరేట్స్ 162 ఆటలాడి 105 ఓడిపోయారు. అదేమీ వింత కాదు. 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు ఓటములే ఎక్కువ. ఫుట్‌బాల్‌లో స్టీలర్స్, హాకీలో పెంగ్విన్స్ కప్పులు తెస్తుంటే ఊరంతా వాళ్ళ చుట్టూనే ఉండేది. పైరేట్స్ మాటెత్తితే నవ్వేసేవారు.

మా పక్కింటి పెద్దాయన నవ్వేవారు కాదు. స్టీలు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం వరండాలో కూర్చుని రేడియోలో ఆట పెట్టుకునేవారు. నేను తులసి కుండీకి నీళ్ళు పోస్తూ వినేదాన్ని. ఓ రోజు ఆయనే కుర్చీ జరిపి కూర్చోమన్నారు. అక్కణ్ణుంచి పాఠాలు. ఔట్లెన్ని, బంతులెన్ని, బంతి విసిరే పిచర్ ఎందుకు అలా చూస్తున్నాడు. క్రికెట్ తెలిసినదాన్ని కాబట్టి సగం ఇట్టే పట్టేశాను, మిగతా సగం ఇప్పటికీ అప్పుడప్పుడూ తికమకే.

1960 అక్టోబర్ 13 గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పారో. బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట, న్యూయార్క్ యాంకీస్‌తో, అప్పటి పైరేట్స్ మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌లో. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 9-9. బిల్ మాజెరోస్కీ కొట్టిన బంతి ఎడమ గోడ దాటింది. 10-9. మధ్యాహ్నం ఆట కాబట్టి స్కూల్లో సిస్టర్లు రేడియో పెట్టారట. ఆ తర్వాత పాఠం చెప్పే ప్రయత్నమే చెయ్యలేదట. ఫోర్బ్స్ ఫీల్డ్ పోయింది గానీ, ఇటుక గోడ కొంత ఇంకా ఓక్‌లాండ్‌లో, యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ప్రతి అక్టోబర్ 13న జనం అక్కడ చేరి ఆనాటి రేడియో ప్రసారం మళ్ళీ పెట్టుకుని వింటారు. మమ్మల్నీ ఓసారి తీసుకెళ్ళారు. బంతి గోడ దాటే క్షణానికి అరవయ్యేళ్ళ కిందటి సంగతని ఎవరికీ గుర్తులేదు, అందరూ ఒక్కసారి అరిచారు. నేనూ అరిచాను.

కార్డులు కూడా ఆయన పుణ్యమే. గరాజ్ సర్దుకుంటూ ఒక చెప్పుల పెట్టె నా చేతిలో పెట్టి, మీ ఆయనకి చూపించకు, ఇల్లు నింపేశావంటాడు అన్నారు. అందులో అన్నీ 1980ల చివరివీ, 90ల మొదటివీ. ఎక్కువ టాప్స్ అనే కంపెనీ 1987లో వేసినవి. చుట్టూ చెక్క రంగు అంచు, మూలన గుండ్రంలో టీం గుర్తు. తిప్పితే వెనకంతా అంకెలు. యేడాదికో వరుస, ఎన్ని ఆటలు, ఎన్ని హిట్లు, ఎన్ని హోమ్ రన్లు, సగటు ఎంత. తెనాలిలో మా అన్నయ్య ట్రంప్ కార్డుల కట్టతో పెరిగినదాన్ని నేను. మ్యాచ్‌లు, పరుగులు, హయ్యెస్ట్ స్కోరు చూసి ఏ అంకె పిలవాలో చూపు పడగానే చెప్పేదాన్ని. ఆ రాత్రి అంట్లు సింకులోనే ఉండిపోయాయి.

ఆ కాలం కార్డులకి ఇక్కడివాళ్ళు చెత్త కార్డులనే అర్థమొచ్చే పేరే పెట్టారు. పాత కార్డుల ధరలు పెరగడం చూసి, అందరూ ఇవీ ఎప్పటికైనా బంగారమవుతాయని దాచారు. కంపెనీలు అంతు లేకుండా అచ్చేశాయి. అందరూ దాచినదానికి ధరేముంటుంది? దాచినవాళ్ళకి నష్టమే గానీ నాలాంటిదానికి పండగ. బ్యారీ బాండ్స్ సన్నగా, పైరేట్స్ టోపీలో, ఇరవై రెండేళ్ళ కుర్రాడిగా ఉన్న కార్డు ఇప్పటికీ కొన్ని డాలర్లకే దొరుకుతుంది. ఒక్కటి తప్ప. అదే 1987లో డాన్‌రస్ కంపెనీ తెచ్చిన ఓపెనింగ్ డే సెట్‌లో బాండ్స్ పేరు కింద జానీ రే బొమ్మ పడింది. జానీ రే కూడా పైరేట్సే, సెకండ్ బేస్‌మన్. తప్పు చూసుకుని సరిదిద్దేశారు, కాబట్టి తప్పుదానికే ధర. నా దగ్గర సరైనది ఉంది. ఇలాంటి చోట సరైనది ఉండటం దురదృష్టం.

ఆ పెట్టె సర్దుతూ ఒక నియమం పెట్టుకున్నాను. కార్డులు పెట్టుకునే నా బైండర్‌లో పైరేట్స్ చొక్కా ఉన్న కార్డే ఉండాలి. ఆటగాడు ఎంత గొప్పవాడైనా, ఇంకో ఊరి చొక్కా వేసుకున్న కార్డు లోపలికి రాదు.

ఈ నియమం ఎంత కఠినమో పైరేట్స్‌ని చూసేవాళ్ళకే తెలుస్తుంది. ఇది పెద్ద ఊరు కాదు, టీం యాజమాన్యం జేబులోంచి డబ్బు తియ్యదు. కుర్రాణ్ణి తెస్తారు, పెంచుతారు, వాడు బాగా ఆడటం మొదలుపెట్టి జీతం పెరిగే రోజొస్తే ఇంకో టీంకి ఇచ్చేస్తారు. 2013లో ఇరవై యేళ్ళ శని వదిలి ప్లేఆఫ్స్‌కి వెళ్ళిన టీం ఉంది కదా, ఆ ముఖాలన్నీ ఎటు పోయాయో చూడండి. నీల్ వాకర్ 2015 డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్‌కి. 2018 జనవరిలో, ఒకే వారంలో, గెరిట్ కోల్ హ్యూస్టన్‌కి, ఆండ్రూ మెక్‌కచెన్ శాన్ ఫ్రాన్సిస్కోకి. స్టార్లింగ్ మార్టే 2020లో అరిజోనాకి. మెక్‌కచెన్ని పంపిన రోజు మా పెద్దాయన రేడియో తీసి లోపల పెట్టేశారు. ఏప్రిల్ దాకా బయటికి తేనేలేదు. ఏప్రిల్‌లో తెచ్చారు, మరి ఏం చేస్తాం.

టాప్స్ వాళ్ళ ఆ యేటి మొదటి సెట్, సిరీస్ 1, ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. అచ్చు అంతకు ముందే మొదలవుతుంది. అందుకని చలికాలంలో అమ్మేసిన ఆటగాడు ఒక్కోసారి ఇంకా మన చొక్కాలోనే ప్యాకెట్‌లోంచి బయటికొస్తాడు. పాపం, వాడికింకా కబురందలేదన్నట్టు నవ్వుతుంటాడు. నా నియమం ప్రకారం అది చెల్లుతుంది. అలాంటి కార్డులకి విడిగా ఒక పేజీ ఉంచాను.

మెక్‌కచెన్ 2023లో తిరిగొచ్చాడు. ఆ జూన్‌లో రెండు వేలో హిట్ కూడా ఇక్కడే, పైరేట్స్ మైదానం పీఎన్‌సీ పార్క్‌లోనే కొట్టాడు. నా బైండర్‌లో అతని 2017 కార్డు పక్క జేబులో 2023 కార్డు ఉంటుంది. మధ్యలో ఏమీ జరగనట్టే.

ఇక పైరేట్స్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే. పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరు మీద వంతెన ఉంది, విగ్రహం ఉంది, మ్యూజియం ఉంది. పీఎన్‌సీ పార్క్ కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, ఆయన చొక్కా నంబరు 21 కాబట్టి. 2025లో ఆ గోడ మీది 21 కనపడకుండా ఒక మద్యం ప్రకటన పెడితే ఊరంతా తిరగబడింది. టీంవాళ్ళు తప్పైపోయిందని చెప్పి అంకె మళ్ళీ పెట్టారు.

పోర్టో రికో నుంచి వచ్చిన స్పానిష్ మాట్లాడే నల్ల కుర్రాడు. మొదటి రెండేళ్ళూ, అంటే 1955, 56 కార్డుల మీద రొబెర్టో అనే వేశారు. 1957 నుంచి 1969 దాకా టాప్స్ వాళ్ళు బాబ్ క్లెమెంటే చేసేశారు. ఆయన నా పేరు రొబెర్టో అని చెబుతూనే ఉన్నాడు. ఆఫీసులో వెంకటసుబ్రహ్మణ్యం కాస్తా వెంకీ అయిపోయిన ఇంట్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మా ఆయనకి బేస్‌బాల్ మీద పెద్ద ఆసక్తి లేదు గానీ 1970 కార్డు మీద రొబెర్టో అని తిరిగి వచ్చిన చోటు మాత్రం ఆయనే వేలు పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు.

1955 కార్డు నాకందదు. మూలలు నలిగిపోయినదైనా వేల డాలర్లు. నాకు ఎక్కువ ఇష్టమైంది 1973ది, అది అందింది. అడ్డంగా ఉన్న బొమ్మ, బ్యాటింగ్ చేస్తున్నాడు. వెనక్కి తిప్పితే అంకెల పట్టిక, కిందికి దిగుతూ దిగుతూ మొత్తం హిట్ల దగ్గర సరిగ్గా 3000. ఆ మూడు వేలోది 1972 సెప్టెంబర్ 30న కొట్టాడు. డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. ఆ కార్డు పిల్లల చేతికి అందింది తర్వాతి సీజన్‌లో. వయసు, ఎత్తు, బరువు, అన్నీ మామూలుగానే, ఇంకా ఆడబోయేవాడికి రాసినట్టే ఉంటాయి.

నా నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఇక్కణ్ణుంచే వచ్చింది. క్లెమెంటే పేజీ చివరి జేబులో టామ్ వాకర్ అనే పిచర్ ఉంటాడు, మాంట్రియల్ ఎక్స్‌పోస్ చొక్కాలో. పైరేట్స్‌కి ఎప్పుడూ ఆడలేదు. ఆ చలికాలం పోర్టో రికోలో ఆడుతూ, ఆ రోజు విమానంలోకి సామాను ఎక్కించడానికి సాయం చేశాడు. నేనూ వస్తానన్నాడు. వద్దు, నువ్వు ఉండి న్యూ ఇయర్ జరుపుకో అని క్లెమెంటే పంపించేశాడు. తర్వాత టామ్ వాకర్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో స్థిరపడ్డాడు. ఆయన కొడుకే పైన చెప్పిన నీల్ వాకర్, ఇక్కడే బడికెళ్ళి, ఇక్కడి టీంకే సెకండ్ బేస్ ఆడినవాడు. తండ్రి కార్డు పావలా పెట్టెలో దొరికింది. అమ్మినతనికి ఈ కథ తెలియదు, చెప్తే ఇంకో రెండు డాలర్లు అడుగుతాడేమోనని డబ్బులిచ్చాకే చెప్పాను.

బైండర్ పేజీకి తొమ్మిది జేబులుంటాయి. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ వరస కూడా తొమ్మిది మంది. ఈ రెండూ కలిసిన పేజీ ఒకటుంది నా దగ్గర. 1971 సెప్టెంబర్ 1న ఫిలడెల్ఫియాతో ఆటకి పైరేట్స్ దింపిన తొమ్మిది మందీ నల్లవాళ్ళు లేదా లాటిన్ అమెరికా వాళ్ళు. మేజర్ లీగ్స్‌లో అలా జరగడం అదే మొదలు. ఇది చరిత్ర అని ఎవరూ ముందుగా చాటలేదు, ఆ రోజుకి ఆడగలిగినవాళ్ళని వేశానన్నట్టే టీం మేనేజర్ డానీ ముర్టా వేశాడు. 10-7తో గెలిచారు. ఆ అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ కూడా. 1972 టాప్స్ సెట్‌లో ఆ తొమ్మిది మందీ ఉన్నారు. పై వరసలో స్టెన్నెట్, క్లైన్స్, క్లెమెంటే. మధ్యలో స్టార్జెల్, సాంగీయెన్, క్యాష్. కింద ఆలివర్, హెర్నాండెజ్, చివర్న పిచర్ డాక్ ఎలిస్. అదే బ్యాటింగ్ వరస. తలపైన పెద్ద పెద్ద అక్షరాల్లో టీం పేరు, ఆ కాలం సినిమా పోస్టరులా రంగులు.

క్లెమెంటే ఒక్కడికీ మిగతా ఎనిమిది మందికి కలిపి పెట్టినదానికంటే ఎక్కువైంది. కానీ ఎవరైనా ఇంటికొస్తే నేను స్టెన్నెట్ కార్డు తీసి చూపిస్తాను. వెనక ఒక మూలన లేత గోధుమ రంగు మరక ఉంటుంది, బబుల్‌గమ్‌ది. అప్పట్లో ప్యాకెట్‌లో గమ్ బిళ్ళ ఒకటి కార్డులకి ఆనించి పెట్టేవారు. 1990ల మొదట్లో ఆపేశారు. ఎవరో పిల్లవాడు ఆ గమ్ నములుతూ ఈ కార్డు చూసి ఉంటాడు. దీన్నే గ్రేడింగ్‌కి పంపితే మరక ఉందని మార్కులు తెగ్గోస్తారు.

గ్రేడింగ్ అంటే, కార్డుని కంపెనీకి పంపితే మూలలు, అంచులు, బొమ్మ మధ్యలో పడిందా లేదా చూసి పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారు. అలా సీలు చేసిన కార్డు బైండర్‌లో పట్టదు. వేళ్ళతో తిప్పి చూసే సుఖం పోతుంది. ఖరీదైనవాటికి అవసరమే, దొంగ అచ్చులు చాలా తిరుగుతున్నాయి, కాదనను. నా క్లెమెంటేకి మాత్రం గట్టి ప్లాస్టిక్ తొడుగు చాలు. ఇంట్లో ఒక్కటే ఆంక్ష. ఆవకాయ అన్నం తిన్న చేత్తో, సబ్బుతో కడిగినా సరే, గంటదాకా బైండర్ ముట్టుకోకూడదు.

కోవిడ్ రోజుల్లో ఈ సరదాకి పిచ్చి పట్టింది. స్టాకులు కొన్నట్టు కొన్నారు. 2021 మేలో విస్కాన్సిన్‌లో ఒక టార్గెట్ షాపు బయట కార్డుల మీద కొట్లాట జరిగితే, కొన్నాళ్ళు వాళ్ళు షాపుల్లో కార్డులు అమ్మడమే ఆపేశారు. మా పావలా పెట్టెలు కాస్తా డాలర్ పెట్టెలయ్యాయి. తర్వాత చాలామంది వదిలేసి పోయారు. ధరలు కొంత దిగాయి, జనం కూడా కాస్త మర్యాదగా నిలబడుతున్నారు.

పెన్ హిల్స్ గుళ్ళో పులిహోర లైన్లో నిలబడితే మనవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. మనవాళ్ళెవరైనా ఉన్నారా అందులో? ఉన్నారు, దాదాపుగా. 2008 నవంబర్‌లో పైరేట్స్ రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరితో ఒప్పందం చేసుకున్నారు. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, ఈటె విసిరేవాళ్ళు, ఒక టీవీ పోటీలో బంతి వేగంగా విసిరి నెగ్గారు. అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకున్నవాళ్ళే కాదు. కింది లీగుల్లో ఆడారు, పిట్స్‌బర్గ్ దాకా రాలేదు. రింకూ తర్వాత కుస్తీలోకి వెళ్ళాడు. వాళ్ళ కార్డు ఏ పెట్టెలో ఉంటుందో అని ప్రతి షోలోనూ వెతుకుతాను.

ఇప్పుడు అందరి కళ్ళూ పాల్ స్కీన్స్ మీద. 2023లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా వచ్చాడు, 2024 మేలో మొదటి ఆట, ఆ యేడే కొత్తవాళ్ళలో మేటికిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్, 2025లో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్. మొదటి ఆట ఆడేవాళ్ళ చొక్కా భుజానికి ఈ మధ్య ఒక ప్యాచ్ కుడుతున్నారు. ఆట అయ్యాక దాన్ని కోసి కార్డులో పెట్టి సంతకం పెట్టించి, ఎక్కడో ఒక ప్యాకెట్‌లో వదులుతారు. ప్రపంచం మొత్తానికి ఒక్కటే. స్కీన్స్ ప్యాచ్ దొరికినవాళ్ళు తెచ్చిస్తే ముప్పై యేళ్ళపాటు హోమ్ ప్లేట్ వెనక రెండు సీజన్ టికెట్లిస్తామని పైరేట్స్ ప్రకటించారు. క్రిస్మస్ రోజున లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో పదకొండేళ్ళ పిల్లవాడికి దొరికింది. వాళ్ళు టికెట్లు వద్దని వేలానికి పెట్టారు. 2025 మార్చిలో 11.1 లక్షల డాలర్లు పలికింది. ముప్పై యేళ్ళు పైరేట్స్ ఆట చూడటం బహుమానమా శిక్షా అని ఇక్కడ జోకులే జోకులు. కొన్నది ఇక్కడి డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ కంపెనీయే కాబట్టి కార్డు ఊరు చేరింది.

ఆ వార్త చూసి హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అక్కా, నీ దగ్గర ఇట్లాంటివి ఎన్నున్నాయి, నిజం చెప్పు అని. స్కీన్స్ కార్డులు నా దగ్గరా ఉన్నాయిరా, ఒక్కోటి రెండు మూడు డాలర్లవి అన్నాను. నమ్మలేదు. బావగారికి చెప్పనులే అన్నాడు.

స్కీన్స్ 2029 సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్, అంటే ఇష్టమొచ్చిన టీంకి వెళ్ళొచ్చు. అంతదాకా ఉంచుతారని ఈ ఊళ్ళో పందెం కాసేవాళ్ళు తక్కువ. మొన్న మా అమ్మాయి అడిగింది, స్కీన్స్ న్యూయార్క్ వెళ్ళిపోతే నువ్వు కార్డులు కొనవా అమ్మా అని. కొననన్నాను. నేను కొంటా, నాకు స్కీన్స్ ఇష్టం, పైరేట్స్ కాదు అంది. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన పిల్ల అనే మాటేనా అది! వాళ్ళ నాన్న నవ్వుతూ ఇద్దరి మొహాలూ చూస్తున్నారు. చివరికి తనకి వేరే బైండర్ కొనిచ్చాను, నావి పాడుచెయ్యకుండా. మొదటి పేజీ మొదటి జేబులో గెరిట్ కోల్‌ని పెట్టింది, యాంకీస్ చొక్కాలో. తెరిచి డైనింగ్ టేబుల్ మీద, నా కాఫీ కప్పు పక్కనే వదిలేసి స్కూలుకి పోయింది.